పాత తుపాకిలో ఉక్కు రవ్వలు – రైతులు తెలిసికొనవలసిన జాగ్రత్తలు

అడవిని ఆనుకొనియున్న గ్రామాలలో వేరుశనగ, మొక్కజొన్న, చెఱకు, వరి పండించు రైతులకు అడవిపందుల బెడద క్రొత్తది కాదు. చేతికి రానున్న పంటను ఒక్క రాత్రిలో పందుల మంద త్రవ్వి, తొక్కి పోవును. ఇట్టి చోట్ల పంట కాపలాకై లైసెన్సు పొందిన తుపాకులు కొన్ని ఇండ్లలో తాతల నాటినుండి ఉన్నవి. వీనిలో కొన్ని మూతి వైపునుండి మందు దట్టించే నాటు తుపాకులు. మరికొన్ని వెనుకనుండి తూటా పెట్టే ఒంటి గొట్టపు లేక జంట గొట్టాల 12 బోరు తుపాకులు.

ఈ తుపాకులలో వాడవలసినవి సీసపు రవ్వలు. అయితే సీసము అందుబాటులో లేనపుడు కొందరు సైకిలు చక్రపు ఇరుసులోని గుండ్లను, మోటారు బేరింగులలోని గుండ్లను పోయుట కలదు. మరికొందరు విదేశాలలో సీసము మాని ఉక్కు రవ్వల తూటాలు వాడుచున్నారని విని, అవి మన తుపాకులకు కూడ పనికివచ్చునేమోయని అడుగుచున్నారు. "ఉక్కు సీసముకంటె గట్టిది గదా, గట్టిదానిని వాడిన తప్పేమి?" అనునది వారి ప్రశ్న.

తప్పంతయు ఆ గట్టిదనములోనే ఉన్నది. తుపాకి ప్రేలినపుడు గొట్టము పగిలిన యెడల మొదట పోవునది ఎడమచేయి. దాని తరువాత కన్ను. ప్రక్కన దీపము పట్టుకొని నిలిచిన పిల్లవానికి కూడ ప్రమాదమే. కావున ఈ విషయమును రైతులు వివరముగా తెలిసికొనుట అవసరము.

విదేశాలలో ఉక్కు రవ్వలు ఎందుకు వచ్చినవి?

సీసము విషపదార్థము. చెరువులలో, చిత్తడి నేలలలో వేటగాండ్రు కాల్చిన రవ్వలు అడుగున పడి యుండును. బాతులు మొదలగు నీటి పక్షులు ఆహారము నలుగుటకై చిన్న రాళ్లను మ్రింగుట అలవాటు. అవి రాళ్లతోబాటు సీసపు రవ్వలను కూడ మ్రింగును. కండ గట్టిగానుండే వాని కడుపులో రవ్వ అరిగి, సీసము రక్తములో కలిసి, పక్షి కృశించి చనిపోవును. ఈ కారణమున అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నీటి పక్షుల వేటకు సీసపు రవ్వలను 1991 నాటికి దేశమంతటను నిషేధించిరి. డెన్మార్కులో 1996లో సీసపు రవ్వల వాడకమును పూర్తిగా మాన్పించిరి. ఇంగ్లండులో 1999లో నీటి పక్షుల విషయమున నిషేధము వచ్చినది. ఐరోపా సమాఖ్య దేశాలలో చిత్తడి నేలలపై 2023 ఫిబ్రవరి నుండి ఈ నిషేధము అమలులోనికి వచ్చినది.

సీసమునకు బదులుగా అచ్చటివారు ఎక్కువగా ఎన్నుకొన్నది ఉక్కు. అయితే వారు సీసము తీసివేసి ఆ చోట ఉక్కు పోసి ఊరకొనలేదు. మందు మార్చిరి, తూటా లోపలి బిళ్ళను మార్చిరి, తుపాకి గొట్టాలకు వేరే పరీక్షలు పెట్టిరి. వారు చేసిన ఈ మార్పులు తెలియక, ఉక్కు అను మాటను మాత్రమే పట్టుకొనుట వలన అపాయము కలుగును.

సీసమునకు, ఉక్కునకు గల భేదము

మొదటి భేదము బరువు. ఒక ఘన సెంటీమీటరు సీసము 11.3 గ్రాములు తూగును. అంతే పరిమాణముగల ఉక్కు 7.9 గ్రాములు మాత్రమే తూగును. అనగా 28 గ్రాముల సీసపు రవ్వలు పట్టు చోట ఉక్కు రవ్వలు 20 గ్రాముల లోపే పట్టును. తేలికైన రవ్వ గాలిలో త్వరగా వేగము కోల్పోవును. అందుచేత ఉక్కు వాడువారు రెండు సైజులు పెద్దవైన రవ్వలను ఎన్నుకొందురు. వేగమును కూడ పెంచుదురు.

రెండవ భేదము గట్టిదనము. ఇదే ముఖ్యమైనది. గట్టిదనమును కొలుచుటకు విక్కర్స్ కొలత అనునది కలదు. ఆ కొలతలో సీసపు రవ్వ 20కి లోపుగా ఉండును. తూటాలకై ప్రత్యేకముగా మెత్తబరచి తయారుచేయు ఉక్కు రవ్వ సుమారు 100 ఉండును. మామూలు తుపాకి గొట్టపు ఉక్కు దాదాపు 200, లేక అంతకు కొంచెము పైన ఉండును. సైకిలు గుండు, బేరింగు గుండు 700కు మించి యుండును. ఈ అంకెలను మరొకసారి చూడుడు. కర్మాగారములో చేసిన ఉక్కు రవ్వ సీసముకంటె గట్టిదే అయినను గొట్టముకంటె మెత్తనిది. బేరింగు గుండు గొట్టముకంటె మూడు రెట్లకు పైగా గట్టిది. పేరుకు రెండును ఉక్కే అయినను ఒకదానికొకటి బదులు కానేరవు.

గొట్టము లోపల ఏమి జరుగును?

మందు అంటుకొనగానే వాయువు పుట్టి రవ్వల రాశిని ముందునకు నెట్టును. సీసము మెత్తనిది గనుక ఆ మొదటి తాకిడికి రవ్వలు కొంచెము నలిగి సర్దుకొనును. ఆ సర్దుబాటు వలన ఒత్తిడి ఒక్కసారిగా పెరుగదు. ఉక్కు రవ్వలు నలుగవు, సర్దుకొనవు. అందుచేత సీసమునకు తగిన మందునే ఉక్కు వెనుక వాడిన యెడల ఒత్తిడి అనుకొనని విధముగా పెరుగవచ్చును.

తరువాత రవ్వలు గొట్టము గోడలను ఒరసికొనుచు పోవును. సీసము ఒరసిన గోడకు సీసపు పూత మాత్రము అంటును, దానిని శుభ్రపరచవచ్చును. ఉక్కు ఒరసిన యెడల గోడపై నిలువు గీతలు పడును. ఈ గీతలు పడకుండుటకే విదేశీ ఉక్కు తూటాలలో రవ్వలన్నిటిని మందమైన ప్లాస్టికు గిన్నెలో ఉంచుదురు. రవ్వలు ఆ గిన్నెతోసహా గొట్టము దాటి, బయటికి వచ్చిన తరువాత విడిపోవును. అట్టి గిన్నె లేని తూటాలో ఉక్కు రవ్వలుండరాదు.

చివరకు రవ్వలు మూతి వద్దకు వచ్చును. చాల తుపాకులలో మూతి వద్ద గొట్టము కొంచెము సన్నబడును. దీనిని చోకు అందురు. రవ్వలు త్వరగా చెదరకుండ దగ్గరగా పోవుటకు ఇది ఉపయోగపడును. 12 బోరు గొట్టము లోపలి వ్యాసము సుమారు 18.5 మిల్లీమీటర్లు. పూర్తి చోకులో ఇది దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గును. సగము చోకులో అర మిల్లీమీటరు తగ్గును. ఒక గరాటులో తడిపిన పిండిని నెట్టినచో అది నలిగి జారిపోవును. అదే గరాటులో గులకరాళ్లను నెట్టినచో ఒకదానికొకటి అడ్డుపడి గరాటును చీల్చును. సన్నని చోకులో సీసమునకు, ఉక్కునకు గల భేదము ఇట్టిదే. ఉక్కు రవ్వలు బిగిసికొని చోకు వెనుక గొట్టమును ఉబ్బించును. చుట్టును ఉంగరమువలె ఒక ఉబ్బు కనిపించును. జంట గొట్టాల తుపాకిలో రెంటి మధ్య గల అతుకు కూడ ఊడవచ్చును. పలుచనైన పాత గొట్టము చీలిపోవచ్చును.

మీ తుపాకి ఎట్టిదో గుర్తించుట

మొదట తుపాకిని తెరచి తూటా లేదని కంటితో చూచి, వ్రేలితో తడవి నిశ్చయించుకొనుడు. నాటు తుపాకి అయినచో మందు దట్టించి యున్నదేమో మందు కడ్డీని గొట్టములో దించి, లోతు కొలిచి తెలిసికొనుడు. కడ్డీ గొట్టము అడుగుదాక దిగని యెడల లోపల దట్టింపు ఉన్నదని తలచవలెను. ఆ తరువాతనే మిగిలిన పరీక్షలు చేయవలెను.

1. గొట్టము దేనితో చేసినది? గొట్టముపై నీటి అలలవలె, చాప అల్లికవలె చారలు కనిపించిన యెడల అది డమాస్కసు గొట్టము కావచ్చును. ఇనుప, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టు చుట్టి, కాల్చి అతికి వీనిని చేసెడివారు. 19వ శతాబ్దములోను, 20వ శతాబ్ది మొదటి భాగములోను ఇట్టి తుపాకులు చాల తయారైనవి. చూచుటకు అందముగా ఉండును. కాని ఆ అతుకుల నడుమ తుప్పు లోలోపల తినివేసి యుండవచ్చును. అది బయటికి కనబడదు. పైన నల్లరంగు పూసిన యెడల చారలు కూడ కనబడవు.

2. ప్రూఫ్ ముద్రలున్నవా? ఇంగ్లండులో తుపాకి అమ్మకమునకు ముందు ప్రతి గొట్టమును మామూలుకంటె ఎక్కువ మందుతో ప్రేల్చి పరీక్షించి, నిలిచినదానిపై ముద్ర వేయుదురు. లండనులో 1637 నుండి, బర్మింగ్‌హాములో 1813 నుండి ఈ సంస్థలు కలవు. గొట్టము అడుగు భాగమున, కుందా నుండి విడదీసినపుడు కనబడు చోట ఈ ముద్రలుండును. ఎన్.పి. లేక బి.ఎన్.పి. అను ఇంగ్లీషు అక్షరములుగాని, నైట్రో ప్రూఫ్ అను మాటగాని ఉన్న యెడల ఆ గొట్టము పొగలేని మందుకు పరీక్షింపబడినదని అర్థము. ఇవి లేనిచో అది పూర్వపు పొగమందుకు మాత్రమే పరీక్షింపబడి యుండవచ్చును. ఇతర దేశపు తుపాకులపై ముద్రలు వేరుగా ఉండును. అవి తెలిసినవానికి చూపించవలెను. ముద్ర వేసిన నాటి గొట్టపు స్థితినే ముద్ర తెలుపును. ఆ తరువాత పడిన తుప్పును, గీతలను అది తెలుపజాలదు.

3. తూటా గది పొడవెంత? 12 బోరు పాత తుపాకులలో చాలవాటి గది పొడవు 65 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అంగుళాలు. నేటి తూటాలు ఎక్కువగా 70 మిల్లీమీటర్లవి, అనగా రెండుముప్పావు అంగుళాలవి. ఇచ్చట ఒక మోసము కలదు. తూటాపై వ్రాసిన పొడవు ప్రేలి మూతి విచ్చుకొన్న తరువాతి పొడవు. ప్రేలక ముందు మడతవేసిన మూతితో అది పొట్టిగా ఉండును. అందుచేత 70 మిల్లీమీటర్ల తూటా 65 మిల్లీమీటర్ల గదిలో సుఖముగా పట్టును, తుపాకి కూడ చక్కగా మూసికొనును. ప్రేలినపుడు మాత్రము మూతి విచ్చుకొనుటకు చోటు చాలక, ముందరి సన్నని భాగములో ఇరుకుకొని ఒత్తిడి పెరుగును. కావున తూటా పట్టినది గదా అని తృప్తిపడరాదు. గొట్టముపై గల అంకెను, తూటా పెట్టెపై గల అంకెను సరిచూడవలెను.

4. చోకు ఎంత? దీనిని కంటితో చెప్పలేము. రూపాయి బిళ్ళ దూర్చి చూచుట వంటి పద్ధతులు నమ్మదగినవి కావు. లైసెన్సుగల తుపాకి మరమ్మతుదారు లోపలి కొలత పరికరముతో కొలిచి చెప్పగలడు. అతనివద్దనే గొట్టపు గోడ మందమును కూడ కొలిపించుకొనవలెను.

5. లోపల ఎట్లున్నది? గొట్టమును వెలుతురు వైపు పెట్టి వెనుకనుండి చూడుడు. అద్దమువలె నునుపుగా ఉండవలెను. చుక్కలు చుక్కలుగా గుంటలున్నచో తుప్పు తిన్నదని అర్థము. ఉంగరమువలె నల్లని నీడ కనబడిన యెడల అచ్చట ఉబ్బినదని అర్థము. బయట వ్రేలితో తడిమి సొట్టలున్నవేమో చూడుడు. జంట గొట్టాలను కుందా నుండి విడదీసి, త్రాటితో వ్రేలాడదీసి, చిన్న కర్రతో తట్టుడు. గంటవలె ఖంగున మ్రోగవలెను. పగిలిన కుండవలె బొంగురుగా పలికిన యెడల అతుకు వదిలియుండవచ్చును. ఈ లోపములలో ఏది కనబడినను ఆ తుపాకిని ప్రేల్చుట మానవలెను.

ఏ తుపాకిలో ఏది వాడవచ్చును?

డమాస్కసు గొట్టము గల తుపాకిలోను, నైట్రో ప్రూఫ్ ముద్ర లేని తుపాకిలోను ఉక్కు రవ్వలు ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. అంగడిలో దొరకు పొగలేని మందు తూటాలు సీసపువైనను నైట్రో ముద్ర లేని తుపాకికి పనికిరావు. అట్టి తుపాకిని జ్ఞాపకార్థము గోడకు ఉంచుకొనుట మంచిది. దానికి కూడ లైసెన్సు ఉండవలెనని మరువకుడు.

నైట్రో ముద్ర, సరియైన గది పొడవు, మంచి స్థితి గల ఉక్కు గొట్టపు తుపాకిలో దాని గదికి తగిన సీసపు తూటాలు వాడవచ్చును. గొట్టముపై రవ్వల బరువు పరిమితి ముద్రింపబడి యున్నచో దానిని మీరరాదు.

అట్టి మంచి తుపాకిలో ఉక్కు తూటాల సంగతి యేమి? విదేశాలలో ఉక్కు తూటాలు రెండు తరగతులు. మామూలు తరగతి తూటాలలో 12 బోరునకు ఒత్తిడి 740 బార్లకు మించదు. రవ్వ వ్యాసము 3.25 మిల్లీమీటర్లకు మించదు. వీనిని నైట్రో ముద్రయు, తగిన గది పొడవును గల మంచి తుపాకులలో, సగము చోకు లేక అంతకు తక్కువ చోకుతో వాడవచ్చునని అచ్చటి సలహా. అదియు మరమ్మతుదారు తుపాకిని చూచి సరేయన్న తరువాతనే. రెండవది అధికశక్తి తరగతి. దీని ఒత్తిడి 1050 బార్ల వరకు ఉండును. వీనికై ప్రత్యేక పరీక్షకు నిలిచి, లిల్లీ పువ్వు గుర్తు పొందిన తుపాకులలోనే వీనిని వాడవలెను. పాత తుపాకులపై ఈ గుర్తు ఉండదు. కావున పాత తుపాకి గల రైతు ఈ తరగతి తూటాలను తాకనే తాకరాదు.

నాటు తుపాకి – బేరింగు గుండ్లు

మన గ్రామాలలో అసలు ప్రమాదము విదేశీ తూటాలకంటె ఇచ్చట ఎక్కువ. మూతినుండి దట్టించు తుపాకిలో రవ్వలకు ప్లాస్టికు గిన్నె ఉండదు. గుడ్డపీలిక, కాగితము, కొబ్బరిపీచు వంటివే అడ్డుగా ఉండును. ఇవి గొట్టపు గోడను కాపాడజాలవు. బేరింగు గుండు గోడను నేరుగా గీయును. గీత పడినచోట తేమ నిలిచి తుప్పు పట్టును. తుప్పు పట్టినచోట గోడ పలుచబడును. పలుచబడిన గోడ ఒకనాడు పగులును. నిరుడు పగులలేదు గనుక ఈ యేడు పగులదని చెప్పుటకు వీలులేదు. ప్రతి ప్రేలుడు వెనుకటి గాయమును కొంత పెద్దది చేయును.

రెండు మూడు పెద్ద గుండ్లు గొట్టములో ప్రక్కప్రక్కన ఇరుకుకొన్న యెడల అవి మేకు దిగగొట్టినట్లు బిగియును. వెనుకనుండి వాయువు నెట్టుచుండును, ముందర దారి యుండదు. అపుడు గొట్టము చీలక తప్పదు. ఇనుప ముక్కలు, మేకుల తలలు, గాజు పెంకులు, గులకరాళ్లు పోయుట కూడ ఇట్టి ప్రమాదమే.

మరొక సంగతి. ఉక్కు గుండు రాతికి, గట్టి నేలకు తగిలిన యెడల నలుగక ఎగిరి వెనుకకు లేక ప్రక్కకు వచ్చును. సీసము కూడ కొంత ఎగురును గాని, తాకిడికి నలిగి చాలవరకు శక్తి కోల్పోవును. రాతి గుట్టల నడుమనున్న చేలలో చీకటిలో ప్రేల్చిన ఉక్కు గుండు ఎవరిని చేరునో చెప్పలేము. ప్రక్క చేనిలో మంచెపై మరొక రైతు కాపలా యుండును గదా.

నాటు తుపాకిలో చేయరాని మరికొన్ని పనులు కలవు. తూటాలనుండి తీసిన పొగలేని మందును ఇందులో పోయరాదు. అగ్గిపుల్లల మందు, టపాకాయల మందు వాడరాదు. ఇవి పొగమందుకంటె వేరు విధముగా మండి గొట్టమును బ్రద్దలు చేయును. దట్టించినది మరచి మరల దట్టించరాదు. రవ్వలు మందునకు ఆని కూర్చొనక నడుమ ఖాళీ మిగిలినను గొట్టము ఉబ్బును. పగిలిన గొట్టమునకు కమ్మరివద్ద అతుకు వేయించి వాడరాదు. నీటి పైపులతో, మోటారు గొట్టాలతో చేసిన తుపాకులకు ఏ పరీక్షయు లేదు. లైసెన్సు లేక వానిని చేయుట, ఉంచుకొనుట నేరము.

ప్రేల్చుటకు ముందు, తరువాత

గోడకు తగిలించిన తుపాకి గొట్టములో కందిరీగలు మట్టిగూడు కట్టుట మనవైపు తరచు జరుగును. గట్టుపై కాలు జారినపుడు మూతిలో బురద చేరును. శుభ్రపరచిన గుడ్డపీలిక లోపలనే మిగిలిపోవును. వీనిలో ఏది అడ్డుపడినను సీసపు రవ్వలకు కూడ గొట్టము పగులును. కావున ప్రతిసారి తూటా పెట్టుటకు ముందు గొట్టము లోనుండి వెలుతురు చూడవలెను.

12 బోరు, 20 బోరు తూటాలను ఒకే సంచిలో ఉంచరాదు. 20 బోరు తూటా 12 బోరు గొట్టములో జారిపోయి నడుమ నిలిచిపోవును. తుపాకి ఖాళీగా ఉన్నదనుకొని దాని వెనుక 12 బోరు తూటా పెట్టి ప్రేల్చిన యెడల గొట్టము చేతిలోనే బ్రద్దలగును. 20 బోరు తూటాలను పసుపు రంగులో చేయుట ఈ పొరపాటు జరుగకుండుటకే.

వానలో తడిసిన తూటాలను వాడరాదు. ఉక్కు రవ్వల తూటాలో నీరు చేరిన యెడల రవ్వలు తుప్పుపట్టి ఒకే ముద్దగా అతుకుకొనును. ఆ ముద్ద చోకులో పట్టదు.

మీట నొక్కినను ప్రేలని యెడల వెంటనే తుపాకిని తెరువరాదు. మూతిని ఎవరును లేని దిక్కున ఉంచి కనీసము ఒక నిమిషము ఆగవలెను. నాటు తుపాకి అయినచో ఇంకను ఎక్కువసేపు ఆగవలెను. మందు నెమ్మదిగా అంటుకొని ఆలస్యముగా ప్రేలుట కలదు. ప్రేలిన శబ్దము మామూలుకంటె తక్కువగా వినబడిన యెడల, బిళ్ళ గొట్టములో నిలిచియుండునేమో చూడక రెండవ తూటా పెట్టరాదు.

పని ముగిసిన పిమ్మట గొట్టమును తుడిచి పలుచగా నూనె పూయవలెను. పొగమందు మసి తేమను పీల్చి ఒక్క రాత్రిలోనే తుప్పు పట్టించును. సీసపు రవ్వలను ముట్టిన చేతులు సబ్బుతో కడుగకుండ అన్నము తినరాదు. వంట పాత్రలలో సీసము కరగించరాదు. రవ్వలను గింజల బస్తాల దగ్గర, పిల్లలకు అందుచోట ఉంచరాదు.

చట్టము

1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకికి లైసెన్సు ఉండవలెను. నిజమైన పంటరక్షణకై మూతినుండి దట్టించు తుపాకికి లైసెన్సు ఇచ్చుటకు ఆ చట్టములో వీలు కలదు. తగిన అనుమతి లేక గొట్టము కోసి పొట్టి చేయుట నేరము. చోకు పోవునని మూతి కోయించుటకు పూనుకొనరాదు. విదేశాలనుండి బంధువులు పెట్టెలో తూటాలు తెచ్చుట కూడ లైసెన్సు లేనిచో నేరమే.

తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రమున జంతువును చంపుటకు అనుమతి ఉన్నట్లు కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపందికి కూడ వర్తించును. పంటకు నష్టము చేయుచున్న జంతువు విషయమున అటవీశాఖ అధికారి వ్రాతపూర్వకముగా అనుమతి ఇచ్చుటకు ఆ చట్టములో వీలు కలదు. ముందుగా ఆ అనుమతి పొందవలెను. చేని చుట్టు కంచె, కందకము, పందులు ఇష్టపడని ఆముదము, ముండ్లుగల కుసుమ వంటి పైర్లను సరిహద్దు వరుసలుగా వేయుట మొదలగు పద్ధతులను ముందుగా అనుసరించుట మేలు. తుపాకి చివరి ఉపాయముగానే ఉండవలెను. కంచెకు ఇంటి కరెంటు తగిలించుట మాత్రము మనుష్యులను, పశువులను చంపు నేరమని గుర్తించవలెను.

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: సీసపు తూటాను విప్పి, సీసము తీసి, అంతే బరువు ఉక్కు రవ్వలు పోసి మూసిన యెడల తప్పేమి?

జవాబు: అంతే బరువు ఉక్కు ఆ తూటాలో పట్టదు. పట్టినంత పోసినను అందులోని మందు సీసమునకు ఎన్నుకొన్నది. గొట్టమును కాపాడు మందమైన గిన్నెయు ఉండదు. కాబట్టి ఆ పని చేయరాదు.

ప్రశ్న: మా తుపాకి అరువది ఏండ్లనుండి ప్రేలుచున్నది. ఇపుడు పరీక్ష ఎందుకు?

జవాబు: అరువది ఏండ్లు ప్రేలినందుననే పరీక్ష కావలెను. బావి మోకు ఎన్నాళ్ళు నీరు తోడినదో చూచి దానిని నమ్మము. నేడు ఎన్ని పోగులు మిగిలియున్నవో చూచి నమ్ముదుము.

ప్రశ్న: ఒక గొట్టము సగము చోకు, రెండవది పూర్తి చోకు. సగము చోకు గొట్టములో మాత్రము ఉక్కు తూటా వాడవచ్చునా?

జవాబు: నైట్రో ముద్ర, గది పొడవు, గోడ మందము సరిగా ఉన్నవని మరమ్మతుదారు చెప్పినచో మామూలు తరగతి తూటాకు వీలుండవచ్చును. అయితే చీకటిలో, తొందరలో ఏ మీట నొక్కినది తెలియదు. కావున అట్టి తుపాకిలో సీసమునకే పరిమితమగుట క్షేమము.

ప్రశ్న: సీసము విషమన్నారు గదా, ఉక్కు మానిన ఎట్లు?

జవాబు: సీసము చెరువులలో, కుంటలలో చేరకుండ చూడుడు. నీటివైపు ప్రేల్చకుడు. మన దేశములో నీటి పక్షుల వేట చట్టవిరుద్ధము. పంట కాపలాలో ప్రేల్చవలసిన సందర్భములు అరుదుగా ఉండవలెను. తుపాకి క్రొత్తగా కొనదలచినవారు ఉక్కు రవ్వలకు కూడ పరీక్షింపబడిన తుపాకిని ఎన్నుకొనవచ్చును. పాత గొట్టమును బలవంతపెట్టి ఆ లాభమును పొందజాలము.

గుర్తుంచుకొనవలసిన విషయాలు

1. సైకిలు గుండ్లు, బేరింగు గుండ్లు ఏ తుపాకిలోను పోయరాదు.
2. డమాస్కసు గొట్టములో, నైట్రో ముద్ర లేని గొట్టములో ఉక్కు రవ్వలు వాడరాదు.
3. తూటా గదిలో పట్టుట చాలదు. గది పొడవు, తూటా పొడవు అంకెలతో సరిచూడవలెను.
4. సగముకంటె బిగువైన చోకులో ఉక్కు రవ్వలు వాడరాదు.
5. లిల్లీ పువ్వు గుర్తు లేని తుపాకిలో అధికశక్తి ఉక్కు తూటాలు వాడరాదు.
6. ప్రతిసారి గొట్టములోనుండి వెలుతురు చూచిన తరువాతనే తూటా పెట్టవలెను.
7. ఏటా వానకాలము ముగియగానే తుపాకిని లైసెన్సుగల మరమ్మతుదారునకు చూపించవలెను.
8. అనుమానము కలిగిన యెడల ప్రేల్చుట మానవలెను.

ఒక పైరు పోయిన మరుసటి కారులో మరల వేసికొనవచ్చును. చేయి పోయిన రైతునకు ఏ కారులోను అది తిరిగి రాదు. కావున ఈ సంచిక చదివిన పిమ్మట మీ ఇంటి తుపాకిని ఒకసారి క్రిందికి దింపి, ఖాళీగా ఉన్నదని నిశ్చయించుకొని, పగటి వెలుతురులో గొట్టమును, దానిపై ముద్రలను పరిశీలించుడు. మీ ఇరుగుపొరుగు రైతులకు కూడ ఈ విషయములను తెలియజేయుడు.